నిధులున్న చోటికి మన దరఖాస్తు చేరాలి

మన సభలలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ముస్లిం యువతకు ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదు." ఇందులో సగం నిజం ఉంది. ఇచ్చేదాన్ని ఏటికేడాది తగ్గిస్తూ వస్తున్నారు. మిగిలిన సగాన్ని గురించి మనం అంతగా మాట్లాడుకోము. తగ్గించగా మిగిలిన నిధులు, మన పేరు పెట్టకపోయినా మనకు వాటా ఉన్న నిధులు, పరిశ్రమలు చట్టప్రకారం ఖర్చు చేయవలసిన నిధులు, మన సొంత జకాత్ నిధులు మన పిల్లల ఉపాధికి ఎందుకు చేరడం లేదు? ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాల మధ్య జీవితం గడిపి పదవీ విరమణ చేసినవాడిగా, ఆ తరువాత మొహల్లాలో దరఖాస్తులు రాసిపెట్టే పనిలో పడినవాడిగా ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా మన నేల సంగతి. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వర్షం పడే జిల్లాలలో ఒకటి. ఏడాది సగటు దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ వేరుసెనగకు కావలసిన అదనులో పడితేనే లెక్క. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీసి హిందూపురం, కదిరి, ధర్మవరం ప్రాంతాలతో శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పాటు చేశారు. గీత మారింది గాని కరువు మారలేదు. ఉమ్మడి జిల్లా జనాభాలో ముస్లింలు దాదాపు పదోవంతు. వారిలో పొలం ఉన్నవారు తక్కువ. కాబట్టి కరువు రైతు సమస్య, మనది కాదు అనుకునేవారున్నారు. అది పొరపాటు. కాయలు పండని ఏడాది పండుగకు బట్టలు కుట్టించేవారుండరు. దర్జీ మిషన్ ఆగుతుంది. ట్రాక్టరు కదలదు, మెకానిక్ షెడ్డులో పని ఉండదు. పెళ్లిళ్లు వాయిదా పడతాయి. పరుపులు కుట్టే దూదేకుల కుటుంబానికి చేతిలో పని ఉండదు. సేద్యం చేయని ముస్లిం కుటుంబం కూడా సేద్యంపైనే బతుకుతున్నది. అయితే పంట నష్టపరిహారం జాబితాలో, బీమా జాబితాలో దర్జీ పేరు, మెకానిక్ పేరు ఉండవు. కరువు దెబ్బ తగులుతుంది, కరువు సాయం అందదు. అందుకే మన యువతకు చేతిపని నేర్పే శిక్షణ, ఆ పనికి పెట్టుబడి అనేవి ఈ జిల్లాలో దయాధర్మం కింద చూడవలసిన విషయాలు కావు. అవి కరువు నివారణలో భాగం.

ఇక ప్రత్యేక పథకాల సంగతి చూద్దాం. 2006 జనవరిలో కేంద్రంలో మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏర్పడింది. అదే ఏడాది జూన్‌లో ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం, నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చాయి. ముస్లింలు స్థిరమైన జీతపు కొలువులలో తక్కువగా, చిన్నచిన్న స్వయం ఉపాధి పనులలో ఎక్కువగా ఉన్నారని, బ్యాంకు రుణాలలో వారి వాటా జనాభా నిష్పత్తికి తగినట్లు లేదని ఆ నివేదిక లెక్కలతో చూపింది. తరువాత 2013లో "సీఖో ఔర్ కమావో" వచ్చింది. శిక్షణ పొందిన ప్రతి 100 మందిలో కనీసం 75 మందికి పని చూపాలన్నది దాని షరతు. 2015లో చేతివృత్తుల కోసం "ఉస్తాద్", చదువు మధ్యలో మానినవారి కోసం "నయీ మంజిల్" వచ్చాయి. వీటన్నిటినీ కలిపి ఇప్పుడు "పీఎం వికాస్" అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

గొడుగు ఒక్కటైంది గాని దాని కింద నీడ పెరగలేదు. 2022-23లో ఈ మంత్రిత్వ శాఖకు మొదట రూ. 5,020.50 కోట్లు కేటాయించి, సవరించిన అంచనాలలో దాన్ని రూ. 2,612.66 కోట్లకు కుదించారు. మరుసటి ఏడాది మొదటి కేటాయింపే రూ. 3,097.60 కోట్లకు దిగింది. 2024-25లో అది రూ. 3,183.24 కోట్లు. ధరలు పెరిగిన లెక్కన చూస్తే పాత స్థాయికి చాలా దూరంలో ఉన్నాం. 2022లోనే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ నిలిపివేశారు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాలు తీసివేశారు. 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశించారు. దీనిపై మాట్లాడే హక్కు మనకుంది. మాట్లాడుతూనే ఉండాలి.

కాని ఒక గుమాస్తా కంటితో చూస్తే మరో సంగతి కనబడుతుంది. కేటాయింపు ఒకటి, విడుదల మరొకటి, వ్యయం వేరొకటి. ఈ మూడు మెట్లలో ప్రతిచోటా డబ్బు తగ్గుతుంది. "అర్హులైన దరఖాస్తులు తగినన్ని రాలేదు" అన్న ఒక్క వాక్యం దస్త్రంలో చేరితే చాలు, మరుసటి ఏడాది కోతకు అదే సాక్ష్యమవుతుంది. మన తరఫున దరఖాస్తులు పడకపోవడం, పడినవి కాగితాలు చాలక వెనక్కి రావడం, వచ్చినవాటిపై ఎవరూ మళ్లీ అడగకపోవడం, ఇవన్నీ కోత పెట్టేవారి పనిని తేలిక చేస్తాయి. హక్కు కోసం చేసే పోరాటంలో సక్రమమైన దరఖాస్తు కూడా ఒక ఆయుధమేనని నేను చెప్పడం ఇందుకే.

రెండవ సంగతి మనలో చాలామందికి తెలియదు. 15 సూత్రాల కార్యక్రమం మైనారిటీ శాఖకు మాత్రమే పరిమితమైనది కాదు. వీలైనచోట్లల్లా వివిధ శాఖల పథకాలలో లక్ష్యాలలోను, నిధులలోను 15 శాతం మైనారిటీలకు కేటాయించాలన్నది దాని సారాంశం. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ యువతకు ఉద్యోగ శిక్షణ ఇస్తారు. అందులో మైనారిటీలకు 15 శాతం స్థానాలు నిర్దేశించారు. మన జిల్లాలో ఆ 15 శాతం నిండుతున్నదా? ఈ ప్రశ్న అడగవలసిన చోటు కూడా ఉంది. 15 సూత్రాల అమలును సమీక్షించడానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉండాలి. దాని సమావేశం ఎప్పుడు జరిగింది, ఏ శాఖ ఎన్ని స్థానాలు చూపింది అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఒక సభకు షామియానా వేయడానికి అయ్యే ఖర్చుతో జిల్లాలోని అన్ని శాఖలకూ ఇటువంటి లేఖలు పంపవచ్చు.

వ్యక్తిగతంగా మన పిల్లలకు అందగలవాటిలో మూడింటిని చెబుతాను.

మొదటిది శిక్షణ. అనంతపురంలోని రూడ్‌సెట్ వంటి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితంగా పని నేర్పుతాయి. భోజనం, వసతి కూడా వారే చూస్తారు. ఈ నమూనా 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల సంస్థ, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టినది. తరువాత కేంద్ర ప్రభుత్వం దాన్ని దేశమంతటా జిల్లాకొకటి చొప్పున విస్తరించింది. బ్యాంకు నడిపే శిక్షణ కాబట్టి, ఆ ధ్రువపత్రం తరువాత రుణం అడిగే వేళ కూడా పనికివస్తుంది.

రెండవది పనిముట్లు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. దర్జీ, తాపీ మేస్త్రీ, కమ్మరి, తాళాలు బాగుచేసేవారు, రాతిపనివారు అందులో ఉన్నారు. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు రూ. 500 భృతి, పనిముట్ల కోసం రూ. 15,000 ఇస్తారు. కావాలనుకున్నవారికి మొదట రూ. లక్ష, తరువాత రూ. 2 లక్షలు 5 శాతం వడ్డీపై రుణం. వడ్డీ విషయంలో మన కుటుంబాలలో ఉన్న సంకోచాన్ని నేను గౌరవిస్తాను. అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను: ఇక్కడ రుణం తీసుకోవడం తప్పనిసరి కాదు. శిక్షణ, భృతి, పనిముట్ల సాయం పొంది అక్కడితో ఆగవచ్చు.

మూడవది రాయితీ. 2008 నుంచి అమలులో ఉన్న ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో మైనారిటీలు ప్రత్యేక వర్గంలో ఉన్నారు. గ్రామీణ ప్రాంతంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం రాయితీ. సొంత వాటా 5 శాతం చాలు. గ్రామంలో రూ. 5 లక్షలతో యూనిట్ పెట్టే యువకుడు తన చేతి నుంచి రూ. 25,000 పెట్టుకుంటే, రాయితీ రూ. 1,75,000 వస్తుంది, మిగిలిన రూ. 3 లక్షలు బ్యాంకు రుణం. అయితే ఈ రాయితీ చేతికి వచ్చే డబ్బు కాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నట్లు తేలిన తరువాత రుణ ఖాతాలో జమ అవుతుంది. దళారులు ఈ సంగతి చెప్పరు. "లక్షన్నర వస్తుంది, అందులో నాకింత" అని ముందే వేలకు వేలు గుంజుతారు. దరఖాస్తుకు రుసుము లేదని, దళారి అవసరమే లేదని ప్రతి మస్జిద్ నోటీసు బోర్డుపై రాసి పెట్టాలి.

ఈ పథకాలలో మనకు అన్యాయంగా తోచే అంశాలు కూడా ఉన్నాయి. మాంసం కోత, బీడీ తయారీ వంటి పనులు ఉపాధి కల్పన కార్యక్రమంలో నిషేధిత జాబితాలో ఉన్నాయి. బీడీ సంగతి ఆరోగ్యం దృష్ట్యా అర్థం చేసుకోవచ్చు. తరతరాలుగా చట్టబద్ధంగా సాగుతున్న మాంసం వృత్తిని ఎందుకు చేర్చరు? విశ్వకర్మ జాబితాలో దూదేకుల వృత్తి లేదు, మెకానిక్ లేడు. ఏ కులాలు, ఏ మతాలవారు ఎక్కువగా ఏ పని చేస్తారో చూస్తే ఈ జాబితాల నుంచి ఎవరు జారిపోతున్నారో తెలుస్తుంది. ఇది విధాన ప్రశ్న. దీనిపై వినతిపత్రాలు, శాసనసభలో ప్రశ్నలు రావాలి.

బ్యాంకు మెట్టు దగ్గర మరో కష్టం. మా మొహల్లా యువకుడొకరి దరఖాస్తును ఒక బ్యాంకు శాఖ నోటిమాటతో "కుదరదు" అని తిప్పి పంపింది. రుణ దరఖాస్తును తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. రూ. 10 లక్షల లోపు సూక్ష్మ పరిశ్రమల రుణానికి తాకట్టు అడగరాదన్నది కూడా దాని నియమమే. ఈ రెండు మాటలు తెలిసిన పెద్దమనిషి ఒకరు యువకుడి వెంట వెళితే సంభాషణ మారుతుంది. గట్టిగా అరవనవసరం లేదు. "అయ్యా, ఆ కారణమేదో కాగితంపై రాసి ఇవ్వండి" అంటే చాలు.

ఇప్పుడు సంస్థల సంగతికి వద్దాం. విరాళాలు, గ్రాంట్లు వ్యక్తికి రావు; సంస్థకు వస్తాయి. మన పట్టణాలలో కమిటీలకు కొదువ లేదు. వాటిలో చాలావాటికి కాగితాలే లేవు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు, పాన్, సొంత బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను చట్టంలో 12ఏ, 80జీ నమోదులు, నీతి ఆయోగ్ దర్పణ్ సంఖ్య, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉన్న సంస్థ మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో చూడండి. ఇవి లేనిదే ఏ దాత కూడా మాట వినడు. వీధికొక సంఘం పెట్టుకోవడం మాని, హిందూపురానికి ఒకటి, కదిరికి ఒకటి, గుంతకల్లుకు ఒకటి, తాడిపత్రికి ఒకటి చొప్పున లెక్క సరిగా ఉన్న సంస్థను నిలబెట్టుకుంటే మేలు.

అటువంటి సంస్థ ఎవరి తలుపు తట్టాలి? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ రూ. 500 కోట్లు గాని, టర్నోవరు రూ. 1,000 కోట్లు గాని, నికర లాభం రూ. 5 కోట్లు గాని దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఉపాధికి తోడ్పడే వృత్తి నైపుణ్యాల శిక్షణ ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో స్పష్టంగా ఉంది. తాను పనిచేసే పరిసర ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా చట్టమే చెబుతున్నది. మన పీఠభూమిలో పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టిన కియా ఉంది. తాడిపత్రిలో సిమెంటు, ఉక్కు కర్మాగారాలున్నాయి. ఎన్.పి.కుంటలో సౌర విద్యుత్ పార్కు ఉంది. ఈ నిధులు తీసుకునే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 పత్రం దాఖలు చేసి సంఖ్య పొందాలి. మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. అందుకే ఈరోజు నాటితేనే మూడేళ్లకు కాయ.

ప్రతిపాదన రాయడంలో ఒక మాట. "పేద ముస్లిం యువతను ఆదుకోండి" అని రాసిన కాగితం బుట్టలో పడుతుంది. 30 మంది, 18 నుంచి 25 ఏళ్లవారు, ద్విచక్ర వాహనాల, విద్యుత్ వాహనాల మరమ్మతు, మూడు నెలలు, ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు ఇంత, పనిలో పెట్టుకుంటామని రాసిచ్చిన షెడ్లు ఇన్ని, ఏడాది తరువాత ఎంతమంది పనిలో ఉన్నారో ఫలానా తేదీకి తెలుపుతాము అని రాస్తే చదువుతారు. మరొక సలహా: శిక్షణ మన మొహల్లాలో పెట్టినా తలుపులు పక్క వీధి దళిత, వెనుకబడిన కులాల పిల్లలకు కూడా తెరిచి ఉండాలి. కరువు వారినీ వదలలేదు. ఒకే బెంచీపై పని నేర్చుకున్నవారి మధ్య విద్వేషం అంత సులభంగా మొలకెత్తదు.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన పిల్లల డబ్బు గురించి అపోహ ఉంది. విదేశీ విరాళాల చట్టం భయంతో కమిటీలు వారి సాయాన్ని కూడా వద్దంటున్నాయి. భారత పౌరసత్వం ఉన్న వ్యక్తి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పంపినవారు విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది. అప్పుడు అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోరాదు. కాబట్టి పంపినవారి పాస్‌పోర్టు నకలు దస్త్రంలో ఉంచుకుని, రసీదు ఇచ్చి తీసుకోవచ్చు.

చివరగా మన చేతిలోనే ఉన్న నిధి. రంజాన్‌లో జకాత్ వందలుగా, చీరలుగా, బియ్యం సంచులుగా చెదరిపోతున్నది. వృద్ధులకు, వితంతువులకు అది అవసరమే. కాని ఒళ్లు వంచి పనిచేయగల యువకుడికి ఏటా ఐదు వందలు ఇవ్వడం వల్ల అతడు మరుసటి ఏడు కూడా అదే వరుసలో నిలబడతాడు. సాయం అడగవచ్చిన అన్సారీ సహచరుడి సంగతి మనందరికీ తెలిసినదే. దైవప్రవక్త (స) అతని ఇంట్లోని గుడ్డను, గిన్నెను రెండు దిర్హములకు అమ్మించి, ఒక దానితో ఇంటికి తిండి, మరొక దానితో గొడ్డలి కొనిపించి, దానికి స్వహస్తాలతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, 15 రోజులు కనబడవద్దని పంపారు. గడువు తీరాక అతడు పది దిర్హములతో వచ్చాడు. ఇందులో పెట్టుబడి ఉంది, పనిముట్టు ఉంది, పని ఉంది, గడువు ఉంది, గడువు తరువాత విచారణ ఉంది. నేటి గ్రాంటు నియమావళులన్నీ అడిగేది ఇంతకు మించి ఏమీ లేదు. ప్రతి మస్జిద్ పరిధిలోని జకాత్‌లో కొంత భాగాన్ని పనిముట్ల కోసం కేటాయించి, ఏటా ఐదుగురిని నిలబెట్టి, వారి లెక్కను జమాఅత్ ముందు చదివితే, మూడేళ్లకు అదే మన అనుభవ పత్రమవుతుంది. దాన్ని చూపి పెద్ద నిధిని అడగవచ్చు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయని తెలుసు. మన బిడ్డలను మళ్లీ మెకానిక్కులుగా, దర్జీలుగానే ఉంచుతారా అని ఒకటి. ఈ ఆక్షేపణలో బలముంది. డిగ్రీ చదివే పిల్లను కుట్టుమిషన్ దగ్గరికి లాగమని నేను అనడం లేదు. 2007 చట్టం కింద బీసీ-ఇ కేటగిరీలో వచ్చిన 4 శాతం రిజర్వేషన్‌ను, దూదేకులకు బీసీ-బిలో ఉన్న అవకాశాన్ని వాడుకుని పై చదువులకు వెళ్లాలి. నేను మాట్లాడుతున్నది పదో తరగతి, ఇంటర్ దగ్గర ఆగిపోయి, ఏ ధ్రువపత్రమూ లేకుండా షెడ్డులో రోజుకూలికి పనిచేస్తున్నవారి గురించి. వారికి కొత్త సాంకేతికత, ధ్రువపత్రం, సొంత పనిముట్లు కావాలి. ఆడపిల్లల విషయంలో దూరమే పెద్ద అడ్డంకి. వసతితో కూడిన శిక్షణకు పంపని తల్లిదండ్రులు మొహల్లాలోని షాదీఖానాలో పగటి శిక్షణ పెడితే పంపుతారు. ఆ ఏర్పాటు అడగవలసింది మనమే.

రెండవ ఆక్షేపణ: ఇవన్నీ మనమే చేసుకుంటే ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పించుకోదా? తప్పించుకోనివ్వకూడదనే ఇన్ని కాగితాల గురించి చెప్పాను. దరఖాస్తుల సంఖ్య, తిరస్కరణల కారణాలు, సమాచార హక్కు సమాధానాలు చేతిలో ఉన్నవాడి ధర్నాకు, అవి లేనివాడి ధర్నాకు తేడా ఉంటుంది. మొదటివాడికి అధికారి జవాబు చెప్పక తప్పదు.

కనుక ఈ నెలలో ప్రతి పట్టణంలోను మూడు పనులు మొదలుపెట్టాలని నా విన్నపం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు కలిసి వారానికి ఒక రోజు, జుమా తరువాత రెండు గంటలు, దరఖాస్తుల బల్ల వేసుకుని కూర్చోవాలి. వచ్చిన ప్రతి యువకుడి పేరు, చదువు, పని, దరఖాస్తు తేదీ, ఫలితం ఒక రిజిస్టరులో రాయాలి. 15 సూత్రాల జిల్లా కమిటీ సమావేశ వివరాలు, శాఖలవారీగా మైనారిటీల వాటా కోరుతూ సమాచార హక్కు లేఖలు పంపాలి. వీటికి నిధులు అక్కరలేదు. ఒక బల్ల, ఒక రిజిస్టరు, కొన్ని పోస్టు కవర్లు చాలు.